పశువుల నుంచి మనుషులకొచ్చే జబ్బులు: ఊళ్లో వినే అపోహలు, అసలు వాస్తవాలు

పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది నాకు జ్వరం పట్టుకుంది. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, రాత్రికి చొక్కా తడిసేంత చెమట. నడుము నొప్పికి బండి దిగాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాల్సి వచ్చేది. టైఫాయిడ్ అన్నారు, రెండు కోర్సులు వాడాను. నెలన్నర గడిచాక ఒక డాక్టరు గారు "మీరేం పని చేస్తారు?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో జబ్బు దొరికింది. బ్రూసెల్లోసిస్. వేలికి గాయం ఉండగానే గ్లౌజు లేకుండా ఒక గేదెకు మాయ తీశాను. అక్కడ అంటుకుంది.

అందుకే మొదట దాని గురించే చెబుతాను.

అపోహ: ఈసుకుపోవడం (నెలలు నిండకుండానే చూడి పోవడం) పశువు సమస్య, మనకేం కాదు.

నిండు చూడితో ఉన్న ఆవో గేదో ఆరు నెలలు దాటాక ఈసుకుపోతే, మొదట అనుమానించాల్సింది ఆ జబ్బు తెచ్చే బ్రూసెల్లా క్రిమినే. పడిపోయిన దూడలో, మాయలో, ఉమ్మనీటిలో ఆ క్రిములు లెక్కకు అందనన్ని ఉంటాయి. చేతి మీద చిన్న గీత చాలు, కంట్లో ఒక చుక్క పడినా చాలు. మన ఇళ్లలో ఈ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. వట్టి చేతులతో మాయ లాగి, చీర కొంగుకు తుడుచుకుని, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతారు. అమ్మా, దయచేసి అలా చేయకండి. గ్లౌజులు లేకపోతే చేతులకు మందపాటి పాలిథిన్ కవర్లయినా తొడుక్కోండి. మాయను పెంటకుప్ప మీద వేయకండి, కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేయండి.

అపోహ: తర్వాతి ఈతకు దూడ బాగానే పుట్టింది కాబట్టి రోగం పోయినట్టే.

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఈ జబ్బున్న ఆవు సాధారణంగా ఒక్కసారే ఈసుకుపోతుంది. తర్వాత నెల నిండాకే ఈనుతుంది, చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. కానీ పాలలో, ఈనిన ప్రతిసారీ వచ్చే మాయలో క్రిములు వస్తూనే ఉంటాయి. రక్త పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. అలాంటి పశువును రైతు సంతకు తోలేస్తే, రోగం ఇంకో ఊరికి వెళ్తుంది. అప్పు చేసి కొన్న గేదెను ఏం చేయాలని రైతు నన్ను అడిగితే నాకూ బాధగానే ఉంటుంది, కానీ అమ్మమని మాత్రం ఏనాడూ చెప్పను. వేరుగా కట్టండి, పాలు కాచకుండా వాడకండి.

అపోహ: పచ్చిపాలలోనే బలం.

డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలు తాగించే అలవాటు మన దగ్గరుంది. మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి ఆధారం లేదు, బ్రూసెల్లా మాత్రం మేకపాలలోనూ వస్తుంది. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టా దీవిలో ఈ క్రిమిని కనుక్కున్నాడు. అక్కడి సైనికులకు అది మేకపాల నుంచే సోకుతోందని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పాలు ఒక్క పొంగు రానిస్తే ఆ క్రిమి చస్తుంది. మన నాయనమ్మలు దాలి మీద గంటల తరబడి ఎర్రగా కాచిన పాలలో దానికి బతుకే లేదు. జున్ను కూడా బాగా ఉడికితే భయం లేదు. కాచని పాలు తోడుపెట్టిన పెరుగుతోనే జాగ్రత్త.

మనిషికి వస్తే రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం పదిరోజుల్లోనే తగ్గిపోతుంది, అక్కడే చాలామంది మానేస్తారు. అది మళ్లీ తిరగబెడుతుంది. మామూలు జ్వరం పరీక్షల్లో ఈ టెస్టు ఉండదు, డాక్టరు ప్రత్యేకంగా రాయాలి. మీకు పశువులున్నాయని మీరు చెబితేనే ఆయనకు ఆ ఆలోచన వస్తుంది.

అపోహ: చచ్చిన గొర్రె మాంసం బాగా ఉడికిస్తే ఏమీ కాదు.

హఠాత్తుగా చచ్చిన గొర్రెను కోసి, పోగులు పెట్టి తక్కువ ధరకు పంచుకోవడం ఇంకా జరుగుతోంది. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ అయితే, ప్రమాదం కూర వండడం కంటే ముందే, తోలు ఒలిచేటప్పుడే మొదలవుతుంది. విశాఖ మన్యంలో వచ్చిన కేసుల్లోనూ ఇదే కథ. చేతి మీద చిన్న పొక్కు వచ్చి, నల్లటి పుండవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. త్వరగా వస్తే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.

ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారి, అది గడ్డకట్టకుండా ఉంటే ఆ కళేబరానికి కత్తి తగలనివ్వకండి. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి గట్టి విత్తనంలా మారుతుంది, మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతుంది. మేము కూడా పోస్టుమార్టం చేయం, చెవి దగ్గర చుక్క నెత్తురు తీసి పరీక్షిస్తాం. ఆరడుగుల గోతిలో పూడ్చాలి.

అపోహ: పిడుదు పట్టుకుంటే కిరోసిన్ పోయాలి, లేదా అగ్గిపుల్లతో కాల్చాలి.

రెండూ వద్దు. సన్నటి పటకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగేయండి. గోళ్ల మధ్య పెట్టి చిదమకండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి.

పిడుదు కంటే మన దగ్గర ఎక్కువ మందిని ఆసుపత్రికి పంపేది కంటికి సరిగా కనబడని చిన్న పురుగు పిల్ల. అది పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉంటుంది. దానివల్ల వచ్చేదే స్క్రబ్ టైఫస్. వానలు తగ్గే రోజుల్లో జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు, నొప్పి లేకుండా. అందరికీ కనబడదు. దీనికి పెన్సిలిన్ రకం ఇంజెక్షన్లు ఎన్ని చేసినా లాభం లేదు. చవకగా దొరికే డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. టెన్షన్ పడి రోగిని దూరం పెట్టకండి, ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదు.

వరినాట్ల వేళ కళ్లెర్రబడి, పిక్కల నొప్పులతో జ్వరం వచ్చి, ఒళ్లు పచ్చబడితే పసరు తాగిస్తూ కూర్చోకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, కిడ్నీలు దెబ్బతింటాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కుందేటి జ్వరం గురించి అడుగుతుంటారు. దాని పేరు టులరీమియా. 1911లో కాలిఫోర్నియాలోని టులారీ కౌంటీలో నేల ఉడతల్లో బయటపడింది. మన ఊళ్లలో నేనెప్పుడూ చూడలేదు, అక్కడ మాత్రం కుందేళ్లు, పిడుదులు, జింక ఈగల నుంచి వస్తుంది. కుందేలును ముట్టుకోకపోతే రాదనుకోవద్దు. 2000లో మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో గడ్డి కోసే పని చేసిన వాళ్లకు గాలి ద్వారా ఊపిరితిత్తులకు సోకింది. పెరట్లో మిషన్ నడిపే ముందు చచ్చిన జంతువు ఉందేమో ఒకసారి చూసుకోండి. జ్వరం వచ్చి చంకలోనో మెడ దగ్గరో గడ్డ కడితే, గడ్డి కోసిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయన ల్యాబ్ వాళ్లను ముందే హెచ్చరించాలి, ఎందుకంటే ఈ క్రిమి శాంపిల్ పరీక్షించే వాళ్లకూ సోకుతుంది.