హైడ్రోజన్: తేలికే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు

హైడ్రోజన్ ప్లాంట్లలో భద్రత చూసుకోవడం నా పని. ఏ మీటింగ్‌కు వెళ్లినా రెండు మాటలు వినిపిస్తాయి. "అది బాంబు, మనకొద్దు" అని కొందరు, "గాలికంటే తేలిక, ఏమీ కాదు" అని ఇంకొందరు. నాకు రెండో మాటంటేనే ఎక్కువ భయం.

అపోహ: లీకైనా పైకి ఎగిరిపోతుంది.

వాస్తవం: ఆరుబయట చాలావరకు నిజమే, అది గాలికంటే సుమారు 14 రెట్లు తేలిక. కానీ గదిలో ఆ తేలికదనమే ముప్పు. దూలాల మధ్య, ఫాల్స్ సీలింగ్ పైన పేరుకుపోతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది, అందుకు 0.02 మిల్లీజౌల్ శక్తి చాలు. బట్టల రాపిడికి పుట్టే నిప్పురవ్వ కూడా సరిపోతుంది. వాసన ఉండదు, పట్టపగలు మంట దాదాపు కనిపించదు. పూర్వం పనివాళ్లు చీపురును ముందుకు చాచి నడిచేవారు. పుల్లలు భగ్గుమంటే మంట అక్కడున్నట్టు. అందుకే ఏ షెడ్డులోకి వెళ్లినా నేను ముందు తలెత్తి పైకప్పు చూస్తాను. అక్కడ సెన్సర్ ఉందా లేదా తేలాకే కాగితాలు తెరుస్తాను.

అపోహ: వంటగ్యాస్‌లా వాసన కలిపేస్తే సరి.

వాస్తవం: మామూలుగా కలిపే గంధకపు రసాయనాలు ఫ్యూయల్ సెల్‌లోని (హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే పరికరం) ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి.

అపోహ: ముందుజాగ్రత్త సూత్రం అంటే అన్నీ రుజువయ్యేదాకా ఆపేయడమే.

వాస్తవం: పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి సదస్సులో వెలువడిన 1992 రియో ప్రకటనలోని 15వ సూత్రం అలా అనలేదు. తీవ్రమైన లేదా కోలుకోలేని నష్టం ముప్పున్నప్పుడు, శాస్త్రం ఇంకా తేల్చలేదనే సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయొద్దంది. ఆ చర్యలు ముప్పుకు తగ్గట్టు ఉండాలని, కొత్త సమాచారం వస్తే మార్చుకోవాలని 2000లో యూరోపియన్ కమిషన్ విడమరిచింది.

ఇక్కడో తేడా గమనించాలి. 2019లో నార్వేలోని సాండ్‌వికాలో హైడ్రోజన్ బంకు పేలింది. ట్యాంకు ప్లగ్ బోల్టులు సరిగా బిగించలేదని దర్యాప్తులో తేలింది. అదే ఏడాది దక్షిణ కొరియాలోని గాంగ్‌నుంగ్‌లో హైడ్రోజన్ ట్యాంకులో ఆక్సిజన్ కలిసి పేలింది, ఇద్దరు చనిపోయారు. ఇవి కొత్త ముప్పులేమీ కావు. ఇలాంటివి ఆపడానికి సూత్రం అక్కర్లేదు, బోల్టును సరైన బిగువుకు బిగించే టార్క్ రెంచీ, వాయువులో ఏం కలిసిందో చెప్పే గ్యాస్ ఎనలైజర్, వాటిని వాడే క్రమశిక్షణ కావాలి. ముందుజాగ్రత్త సూత్రం పని ఇంకా తేలని చోట మొదలవుతుంది.

అపోహ: హైడ్రోజన్ గ్రీన్‌హౌస్ వాయువు కాదు, లీకైతే నష్టం డబ్బుకే.

వాస్తవం: తేలనిది సరిగ్గా ఇక్కడే ఉంది. గాలిలో వేడిని పట్టి ఉంచే మీథేన్‌ను తొలగించే హైడ్రాక్సిల్ రాడికల్స్‌లో కొన్నిటిని హైడ్రోజన్ వాడేసుకుంటుంది, దాంతో మీథేన్ ఇంకొంత కాలం నిలుస్తుంది. 100 ఏళ్ల లెక్కన చూస్తే హైడ్రోజన్ వేడి ప్రభావం అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 12 రెట్లని 2023 నాటి ఒక అంచనా. ఉత్పత్తి నుంచి వాడకం దాకా మొత్తం ఎంత లీకవుతుందో ఇంకా గట్టి కొలతలు లేవు. మన డిటెక్టర్లు ఎక్కువగా పేలుడును పసిగట్టడానికి పెట్టినవి, సన్నని లీకు వాటికి అందదు. కొలతలు వచ్చేదాకా ఆగుదామంటే, అప్పటికే వేసిన పైపులను మళ్లీ తవ్వాలి. అందుకే జాయింట్లు తగ్గించమని, మెయింటెనెన్స్‌కు లైను ఖాళీ చేసిన ప్రతిసారీ ఎన్ని కిలోలు గాలిలోకి వదిలారో లాగ్‌బుక్‌లో రాయమని ఇప్పుడే పట్టుబడుతున్నాను.