ఎండలో కూర్చోబెడితే దగ్గు, జ్వరం ముదరవా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన వాళ్ల నాన్నగారిని ఆటోలో తీసుకొచ్చాడు. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. వేలికి ఆక్సిమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 88 శాతమే. "రోజూ పొద్దున్నే అరగంట ఎండలో కూర్చోబెడుతూనే ఉన్నాం డాక్టరుగారూ" అన్నాడు. ఊపిరితిత్తుల డాక్టరుకి ఈ మాట కొత్త కాదు.

అపోహ: ఎండకు ఒంట్లో వైరస్ చస్తుంది.
వాస్తవం: దండెం మీద ఆరేసిన దుప్పటికి అంటుకున్న వైరస్ అయితే చస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నదానికి ఎండ తగలదు, అతినీలలోహిత కిరణాలు చర్మం దాటి లోపలికి పోవు. 2021లో కోవిడ్ రెండో వేవ్ మనల్ని ముంచింది ఏప్రిల్, మే ఎండల్లోనే కదా.

అపోహ: డి విటమిన్ కావాలంటే పొద్దుటి లేత ఎండే మంచిది.
వాస్తవం: పొద్దున కిరణాలు ఏటవాలుగా వస్తాయి. డి విటమిన్‌కి కావలసిన యూవీబీని (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ఓజోన్ పొరే చాలావరకు మింగేస్తుంది. తిరుపతిలో కొలిచి చూస్తే 11 నుంచి 2 గంటల మధ్య ఎక్కువ తయారైంది. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది, దాని వెనక కూర్చుంటే వెచ్చదనమే మిగులుతుంది. అలాగని జ్వరం మనిషిని మే నెల మిట్టమధ్యాహ్నం బయట కూర్చోబెట్టకండి, వడదెబ్బకు కూడా వైద్యం చెయ్యాల్సి వస్తుంది.

అపోహ: డి తక్కువున్నవాళ్లకే జబ్బు ముదురుతోంది, ఇంజెక్షన్ చేయిస్తే సరి.
వాస్తవం: ఇక్కడ చదువుకున్నవాళ్లూ బోల్తా పడతారు. ఒకప్పుడు నేనూ పడ్డాను. డి తక్కువున్నవాళ్లలో జబ్బు తీవ్రంగా కనిపించే మాట నిజమే. కానీ ఎవరు వాళ్లు? మంచం పట్టిన ముసలివాళ్లు, షుగర్ ముదిరి గడప దాటనివాళ్లు. ఎండ తగలక డి తక్కువ, ఉన్న రోగాల వల్ల ముప్పు ఎక్కువ. పైగా జబ్బు వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) పెరిగితే రక్తంలో డి దానంతటదే పడిపోతుంది. బ్రెజిల్‌లో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 240 మందిలో సగం మందికి ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. రక్తంలో డి పెరిగింది, డిశ్చార్జి మాత్రం త్వరగా కాలేదు. జలుబు, ఫ్లూ రాకుండా ముందునుంచీ వాడితే? 2017లో 25 ప్రయోగాలు కలిపి లెక్కేస్తే కాస్త మేలు కనిపించింది. 2025లో 46 కలిపేసరికి అదీ గట్టిగా నిలబడలేదు. ఎముకల కోసం వాడేవాళ్లు మానక్కర్లేదు, అది వేరే సంగతి.

ఆ పెద్దాయనకు ఎక్స్‌రేలో రెండువైపులా న్యుమోనియా. తొమ్మిది రోజులు ఉన్నారు. వెళ్లేటప్పుడు "మరి ఎండలో కూర్చోవచ్చా?" అని అడిగారు. కూర్చోండి, ఆక్సిమీటర్ కూడా దగ్గర పెట్టుకుని కూర్చోండి, 94 కంటే తగ్గితే ఆ పూటే రండి అన్నాను.