హెచ్‌పీ పెంచితే నూనె రాదు: వాడేసిన వంటనూనె తోడే పంపులపై అపోహలు – వాస్తవాలు

వాడేసిన వంటనూనెతో ఇంట్లో బయోడీజిల్ (డీజిల్‌కు బదులు వాడే ఇంధనం) చేసుకుందామని దిగినవాళ్లు నూనె సేకరణ దగ్గరికి వచ్చేసరికి ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని హెచ్‌పీ మోటారు తీసుకోమంటారు?" అడగాల్సింది "సక్షన్ గొట్టం (డ్రమ్ము నుంచి పంపులోకి నూనె వచ్చే గొట్టం) ఎంత లావుండాలి?" అని. ఈ సంగతి తెలియకే హోటల్ వెనక డ్రమ్ము పక్కన మోటారు హోరెత్తుతుంటుంది, నూనె మాత్రం గొట్టంలో జానెడు ఎక్కి ఆగిపోతుంది. ఇంకా పెద్ద మోటారు తెచ్చి, అదీ పనిచేయక, "ఇది మనవల్ల కాదులే" అని మానేసినవాళ్లు ఎందరో. తప్పు వాళ్లది కాదు. నీళ్ల మోటారు లెక్కే నూనెకూ చెప్పి అమ్మేస్తున్నారు.

అపోహ: నూనె చిక్కన కాబట్టి పెద్ద మోటారు పెడితే లాగేస్తుంది

ఏ పంపూ నూనెను లాగదు. గొట్టంలో ఒత్తిడి తగ్గిస్తుంది, అంతే. బయటి వాతావరణ ఒత్తిడే నూనెను లోపలికి నెడుతుంది. ఆ నెట్టే బలం సముద్రమట్టం దగ్గర సుమారు 1 బార్ (చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు), హైదరాబాద్ ఎత్తులో ఇంకాస్త తక్కువ. అర హెచ్‌పీ పెట్టినా అయిదు హెచ్‌పీ పెట్టినా అంతకు మించి దొరకదు.

అయిదు మీటర్ల గొట్టంలో నిమిషానికి 20 లీటర్లు రావాలనుకుందాం. 25 డిగ్రీల దగ్గర వంటనూనె చిక్కదనం నీటికి దాదాపు 60 రెట్లు. అంగుళం గొట్టమైతే రాపిడికి పోయే ఒత్తిడి 0.1 బార్. ముప్పావు అంగుళమైతే 0.3. అరంగుళమైతే 1.6 బార్! ఉన్నదే 1 బార్, 1.6 ఎక్కడి నుంచి తెస్తాం? గొట్టం వ్యాసం సగానికి తగ్గితే రాపిడి 16 రెట్లవుతుంది. అందుకే అరంగుళం గొట్టం తగిలించిన ఖరీదైన పంపు కన్నా అంగుళం గొట్టమున్న మామూలు పంపు ఎక్కువ నూనె తెస్తుంది.

పైగా ఇది కొత్త నూనె లెక్క. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో అణువులు ఒకదానికొకటి అతుక్కుని చిక్కదనం ఇంకా పెరుగుతుంది. టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె కాగి కాగి పాడైనప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. మన చేతికొచ్చేది ఎక్కువగా ఆ హద్దు చేరిన సరుకే. మన దగ్గర వేపుళ్లకు ఎక్కువగా వాడేది పామోలిన్. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లోనో అరకులోనో డ్రమ్ము మూత తీస్తే, గరిటె గుచ్చితే నిలబడేలా పేరుకుని ఉంటుంది. ఆ పూట ఏ పంపూ పనిచేయదు, ప్రయత్నించి మోటారు కాల్చుకోకండి. ఎండెక్కాక వెళ్లండి. ఇంకా మంచి పద్ధతి: బాణలి దించాక నూనె 40–50 డిగ్రీలకు చల్లారిన వేళకు వెళ్లడం. 50 దగ్గర చిక్కదనం 25 దగ్గర ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. 60 దాటితే మాత్రం పీవీసీ గొట్టం మెత్తబడి సక్షన్‌కు లోపలికి అతుక్కుపోతుంది. గొట్టం ఎప్పుడూ స్టీల్ వైరు చుట్టిన పారదర్శక సక్షన్ గొట్టమే కొనండి. తోటకు నీళ్లు పెట్టే గొట్టం నొక్కుకుపోతుంది.

ఇక నీళ్ల మోనోబ్లాక్ మోటారు. నూనె ఎలాగోలా ఎక్కినా అది చేసే నష్టం వేరే ఉంది. 2,800 ఆర్‌పీఎం దగ్గర తిరిగే ఇంపెల్లర్ (పంపు లోపలి రెక్కల చక్రం) నూనెలోని నీటిని కవ్వంతో చిలికినట్టు కలిపేస్తుంది. డ్రమ్ము అడుగున విడిగా ఉన్న నీరు సన్నటి తుంపరలై నూనెలో కలిసిపోతుంది, రోజుల తరబడి తేరుకోదు. ఆ నూనెలో కాస్టిక్ సోడా కలిపితే బయోడీజిల్‌తోపాటు సబ్బు కూడా తయారై, కడిగేటప్పుడు అంతా తెల్లగా ముద్ద కడుతుంది. "రెసిపీ తప్పిందేమో" అని వెతుక్కుంటారు కానీ, చాలాసార్లు తప్పు సేకరణ రోజే జరిగిపోయి ఉంటుంది. అనుమానముంటే రెండు చెంచాల నూనె పెనం మీద వేడిచేయండి. చిటపటలాడితే నీరున్నట్టే.

కాబట్టి పంపు నెమ్మదిగా తిరగాలి. కాస్ట్ ఐరన్ గేర్ పంపు (రెండు పళ్ల చక్రాలు తిరుగుతూ నూనెను ముందుకు తోసేది), అంగుళం పోర్టులు, 1440 ఆర్‌పీఎం మోటారుకు బెల్టు, పుల్లీ వేసి 700 దగ్గరికి దించింది, ఇంటి అవసరానికి చక్కగా సరిపోతుంది. మోటారు 1 హెచ్‌పీ చాలు. నిమిషానికి 20 లీటర్లంటే 200 లీటర్ల డ్రమ్ము పది నిమిషాల్లో ఖాళీ. అంతకన్నా తొందరేముంది?

సక్షన్ పైపు కొసను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, డ్రమ్ము అడుగుకు రెండంగుళాల పైనే ఆపండి. నీరు, మడ్డి అక్కడే ఉండిపోతాయి. ఆ రెండంగుళాల నూనె మీద ఆశ వదులుకోండి.

అపోహ: గేర్ పంపు ఇనుముది, బజ్జీ ముక్కలైనా నలిపేస్తుంది

నలపదు, ఇరుక్కుంటుంది. మాడిన శనగపిండి పలుకులు, ఎముక ముక్కలు గేర్లకూ బాడీకీ మధ్య గీతలు పెడతాయి. ఆ సందు పెరిగాక సక్షన్ పడిపోతుంది. జాలీ తప్పనిసరి. కానీ "ఎంత సన్నగా వడకడితే అంత మంచిది" అని సక్షన్ కొసకు సన్నటి గుడ్డ కట్టడం ఇంకో పొరపాటు, రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది. సక్షన్ వైపు 2–3 మిల్లీమీటర్ల కన్నాలున్న పెద్ద స్టీల్ జాలీ పెట్టండి. కన్నాల మొత్తం వైశాల్యం పైపు నోటికి కనీసం నాలుగు రెట్లుండాలి. సన్నటి వడపోత ఇంటికొచ్చాక, నూనె తేరుకున్నాక. డెలివరీ వైపు (నూనె బయటికి పోయే వైపు) రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి మితిమీరితే దానంతటదే తెరుచుకునే వాల్వు, లేని గేర్ పంపు కొనకండి. అది లేకుండా ఎవరైనా డెలివరీ గొట్టం వాల్వు మూసేస్తే గొట్టం పగిలి నూనె మనిషి మీద పడుతుంది.

అపోహ: వాక్యూమ్ ట్యాంకు పెడితే పంపు గొడవే ఉండదు, డ్రమ్ము చాలు

మొదటి సగం నిజమే. పంపు ట్యాంకులోని గాలిని మాత్రమే తోడేస్తుంది, నూనె నేరుగా ట్యాంకులోకి వస్తుంది, పంపు గుండా పోదు కాబట్టి ముక్కల భయం లేదు, చిలకడమూ లేదు. పాలు పితికే మిషన్ల వాక్యూమ్ పంపు దీనికి బాగా సరిపోతుంది, అది పనిచేసేది సుమారు 0.5 బార్ వాక్యూమ్ దగ్గరే. రెండో సగం ప్రమాదం. 0.5 బార్ దగ్గర 200 లీటర్ల డ్రమ్ము మూత ఒక్కదాని మీదే టన్నుకు పైగా బరువు పడుతుంది. రేకు డ్రమ్ము ఒక్కసారిగా నలిగిపోతుంది, తెల్లటి వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకూ అంతే. పాత ఎయిర్ కంప్రెసర్ ట్యాంకు తెచ్చుకోండి, అడుగున తుప్పు లేదని చూసుకోండి. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఫ్లోట్ ఉన్న ట్రాప్ (పొంగి వచ్చిన నూనెను ఆపి, తేలే బుడ్డితో దారి మూసే చిన్న పాత్ర) పెట్టండి, లేదంటే ట్యాంకు నిండిన రోజున నూనె పంపులోకి పోతుంది.

అపోహ: అదే పంపుతో మెథనాల్ కూడా కొట్టుకోవచ్చు

వద్దు. మెథనాల్ (నూనెను బయోడీజిల్‌గా మార్చడానికి కలిపే ఆల్కహాల్) ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 11 డిగ్రీలు. మన వాతావరణంలో ఆ ఆవిరి దాదాపు ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. బ్రష్ మోటారు నిప్పురవ్వలు చాలు. మెథనాల్‌లో కాస్టిక్ కలిపిన మెథాక్సైడ్‌ను మూసి ఉన్న గొట్టంలోంచి, పైనుంచి కిందికి, దాని బరువుతోనే దిగనివ్వండి.

మిగతావి క్లుప్తంగా. నూనెకు నైట్రైల్ రబ్బరు సీళ్లు సరిపోతాయి, తయారైన బయోడీజిల్‌కు వైటన్ అనే రబ్బరు కావాలి. ఈపీడీఎం అనే రబ్బరు, మామూలు రబ్బరు రెండిట్లోనూ ఉబ్బుతాయి. ఇత్తడి, రాగి బయోడీజిల్‌ను త్వరగా పాడుచేస్తాయి. 12 వోల్టుల డీజిల్ పంపు మీద రాసి ఉన్న "నిమిషానికి 40 లీటర్లు" డీజిల్‌కే. చిక్కటి నూనెకు పెడితే ఫ్యూజు పోతుంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు వాడేసిన నూనె ఎవరికిచ్చిందీ లెక్క రాయాలి, గుర్తింపు ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

అపోహ: నూనె రావట్లేదంటే పంపు పాడైనట్టే

ఇప్పటికే డబ్బు పెట్టి దిగులుపడుతున్నవాళ్లు ఇది చేయండి. పంపుకు ముందు, సక్షన్ గొట్టానికి ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి వాక్యూమ్ గేజ్ బిగించండి. పంపు గొంతులో కాస్త నూనె పోసి నడపండి. ముల్లు 20 అంగుళాలు (వాక్యూమ్‌ను పాదరసం అంగుళాల్లో కొలుస్తారు, పూర్తి వాక్యూమ్ సుమారు 30) దాటి నిలిచిందా? పంపు బాగుంది. జాలీ మూసుకుపోయి ఉండాలి, లేదా నూనె చిక్కగా ఉండాలి, లేదా గొట్టం సన్నం. ముల్లు అయిదు దగ్గరే ఊగుతూ, గొట్టంలో బుడగలు పరుగెడుతున్నాయా? ఎక్కడో గాలి పీలుస్తోంది. జాయింట్ల మీద ఒక్కొక్కటిగా నూనె రాయండి. ఏ జాయింటు దగ్గర బుడగలు ఆగితే దాన్నే విప్పి, టెఫ్లాన్ టేపు చుట్టి మళ్లీ బిగించండి. బుడగల్లేకుండా ముల్లు కదలకపోతే మాత్రమే పంపు విప్పి గేర్ల మీద గీతలు చూడండి.