ట్రైలర్ నేల కిర్రుమన్న సంగతి

వనస్థలిపురం, హైదరాబాద్

చిన్నికి, బాబికి, ఈ ఉత్తరం పక్కనుంచి తొంగిచూసి చదివే స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

వేసవిలో అనంతగిరి వెళ్ళినప్పుడు రాత్రంతా మీరు నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు. ఎవరు మంచినీళ్ళకు లేచినా ట్రైలర్ (బండికి తగిలించి లాక్కెళ్ళే మన చక్రాల ఇల్లు) నేల కిర్రుమనేది. బాబి దయ్యమన్నాడు, చిన్ని ఎలుక అంది. తెల్లారేసరికి పట్టేస్తానని నేను కోతలు కోశాను. తీరా పట్టడానికి రెండు నెలలు పట్టింది. ఎలా పట్టానో రాయమన్నారు కదా, రాస్తున్నాను.

నేల కిర్రుమనడం మీకు వింతే. మన ఇళ్ళలో తాండూరు బండలో, గ్రానైటో, టైల్సో వేస్తారు. వాటికి కదలడం తెలియదు. మా చిన్నతనంలో మాత్రం కిర్రుమననిది ఏదీ ఉండేది కాదు. నులకమంచం, బావి గిలక, ఎడ్లబండి ఇరుసు. ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన పూసేవారు. కొత్త కిర్రుచెప్పులకు మాత్రం ఎవరూ ఏమీ పూసేవారు కాదు, ఆ చప్పుడు కోసమే కొనేవారు.

ఈ చప్పుళ్ళన్నీ ఒకే కడుపున పుట్టినవి. రెండు వస్తువులు ఒత్తుకుని ఉన్నప్పుడు ఒకటి జరగబోతే రెండోది పట్టి ఆపుతుంది. ఒత్తిడి పెరిగాక పట్టు తప్పి చటుక్కున జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఈ పట్టడం, జారడం సెకనుకు వందలసార్లు జరిగితే చెవికి కిర్రుమని వినిపిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనీ ఇదే. కాకపోతే దాన్ని టిక్కెట్టు కొని వింటాం.

ఇక మన ట్రైలర్. అడుగున ఇనుప చట్రం, దాని మీద రెండడుగులకు ఒకటి చొప్పున అడ్డంగా స్క్వేర్ పైపులు, వాటి మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఆపైన మీరు రసం ఒలకబోసిన వినైల్ షీటు. ప్లైవుడ్‌ను పైపులకు స్క్రూలతో బిగిస్తారు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా చట్రం కాస్త మెలితిరుగుతుంది, స్క్రూ తన రంధ్రంలోనే అటూ ఇటూ ఊగుతుంది. మన రోడ్ల మీద ఆ ఊగడానికి విరామం ఉండదు. ఏళ్ళు గడిచేసరికి రంధ్రం వదులవుతుంది, ప్లైవుడ్ పైపు మీద నుంచి వెంట్రుకంత లేస్తుంది. అక్కడ కాలు వేస్తే దిగుతుంది, తీస్తే లేస్తుంది, రెండుసార్లూ స్క్రూను రాసుకుంటుంది.

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన తెలివితక్కువ పని వినండి. నలభై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టినవాణ్ణి. కిర్రు సింకు దగ్గర వినబడుతోందని అక్కడే తొమ్మిది స్క్రూలు దిగేశాను. షీటు జల్లెడ అయింది, కిర్రు చెక్కుచెదరలేదు. మీ అమ్మమ్మ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

మర్నాడు పద్ధతిగా మొదలుపెట్టాను. చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టి, నాలుగు మూలలా గట్టి స్టాండ్లు వేశాను. ఒక్క జాకీని నమ్ముకుని దేని కిందకీ దూరకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. మా షెడ్డులో ఇది మరిచిన కుర్రాడికి ఆ రోజు కూలి ఉండేది కాదు. ట్రైలర్ మట్టంగా ఉందో లేదో కూడా చూసుకున్నాను. ఒక మూల కుంగి ఉంటే చట్రం మెలిపడి, లేని కిర్రులు పుట్టుకొస్తాయి.

లోపల అమ్మమ్మ జానెడు జానెడు దూరంలో అడుగులు వేసింది. కిర్రుమన్న చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టింది. కింద నేను వెల్లకిలా పడుకుని, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఒక్కో పైపుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టాను. మెకానిక్కులు ఇంజను రోగం ఇలాగే కనిపెడతారు. మొదటి పైపు దగ్గర ఏదో గొణుగుడు. రెండో దాని దగ్గర కాస్త స్పష్టం. మూడో పైపుకు ఆనించగానే చెవిలో ఎవరో అరిచినట్టయింది. అది సింకు కింద లేదు, రెండున్నర అడుగుల అవతల, చక్రం గూడు పక్కన ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. చెక్కలోనూ ఇనుములోనూ అంతకు ఎన్నో రెట్ల వేగంతో పరుగెత్తుతుంది. ప్లైవుడ్ పలక దాన్ని మోసుకుపోయి సింకు దగ్గర, కింద బోలుగా ఉన్న అల్మరాలో దించుతోంది. అల్మరా డప్పులా మోగుతోంది. నేను డప్పుకు స్క్రూలు కొట్టాను.

టార్చి వేసి చూశాను. అమ్మమ్మ కాలు తీస్తే పైపుకూ ప్లైవుడ్‌కూ మధ్య సన్నని చీకటి గీత, వేస్తే మాయం. ఒక పెళ్ళి శుభలేఖ అందులో సులువుగా దూరింది. పైకి వచ్చి, షీటు అంచు లేపి, ఆ స్క్రూ ఊడదీశాను. తల కింద తుప్పు, మొనకు తుప్పు. మధ్యలో పావు అంగుళం మేర మాత్రం మరలు (స్క్రూ ఒంటి మీది మెలికలు) అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. రంధ్రం చుట్టూ కాటుకలాంటి పొడి. రెండు నెలలు మనల్ని ఏడిపించింది ఈ పావు అంగుళమే. మీకు చూపించడానికి అగ్గిపెట్టెలో దాచాను.

అయితే రెండు నెలలు ఎందుకు పట్టిందంటే, అందులో సగం వానల పుణ్యం. జూన్‌లో తొలి వానలు పడగానే కిర్రు దానంతటదే తగ్గింది. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి మామూలు పలకంత సాగదు. అయినా వెంట్రుకంత సందు పూడడానికి ఆ మాత్రం చాలు. వారం ఎండ కాసేసరికి మళ్ళీ మొదలు. మధ్యలో అమ్మమ్మ పౌడర్ డబ్బా కూడా సందులో ఒంపాను. రెండు రోజులు నోరు మూసుకుంది, మూడో రోజు ఘుమఘుమలాడుతూ కిర్రుమంది. కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి, దుమ్ము పట్టి జిగురై కూర్చుంటుంది.

అసలు మరమ్మతు గంట పని. పాత రంధ్రాన్ని వదిలి, రెండంగుళాల పక్కన కొత్తది వేశాను. వేసేముందు కింద కరెంటు తీగ, నీళ్ళ గొట్టం లేవని చూసుకున్నాను. ఇక్కడ ఒక కిటుకు ఉంది, చాలామంది వడ్రంగులు కూడా తొందరలో మరిచిపోతారు. ప్లైవుడ్‌లో రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, ఇనుములో మాత్రం బిగుతుగా ఉండాలి. మరలు రెండింటినీ పట్టుకున్నాయంటే, ఎంత తిప్పినా మధ్యలో సందు అలాగే ఉండిపోతుంది. చెక్కలో స్వేచ్ఛగా తిరిగి ఇనుమును మాత్రమే కరిస్తే, స్క్రూ తల చెక్కను కిందికి లాగి పైపుకు అదుముతుంది. రాణిగంజ్ నుంచి తెచ్చిన రబ్బరు పట్టీ మధ్యలో దూర్చి, సీలెంట్ (సందులు పూడ్చే జిగురు) పూసి, అమ్మమ్మను ఆ పలక మీద నిలబెట్టి బిగించాను.

పనిలో పనిగా కిటికీ కింద ప్లైవుడ్‌ను మొనదేలిన స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. మంచి చెక్క ఎదురు తిరుగుతుంది. ఒకచోట అరచేయంత మేర నానిన అటుకుల్లా దిగిపోయింది. కిటికీ రబ్బరు పగిలి నీళ్ళు కారుతున్నాయి. ఆ ముక్క కోసేసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్ళను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అతికాను. ముందు కిటికీ రబ్బరు మార్చాననుకోండి, లేకపోతే కొత్త ముక్కకూ అదే గతి. సింకు దగ్గరి తొమ్మిది చిల్లులూ సీలెంట్‌తో పూడ్చాను. వాటిని చూసి నవ్వకండి.

తలుపు దగ్గర, ఎడమ పక్క, ఇంకొకటి సన్నగా అంటోంది. దాని జోలికి పోలేదు. సుద్దముక్క, పొడవాటి స్క్రూడ్రైవర్ అక్కడే పెట్టి ఉంచాను. దసరా సెలవులకు పాత బట్టలు తెచ్చుకుని రండి. కిందకి ఎవరు దూరాలో, పైన ఎవరు నడవాలో వచ్చేలోపే తేల్చుకోండి.

మీ తాతయ్య