మానిన గాయం మళ్ళీ విచ్చుకుంటుందా?

"శరీరం తన గాయాలను తానే మాన్పుకుంటుంది కదా, ఇంక మందులతో పనేముంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం. కుట్లు వేసే డాక్టరు చర్మాన్ని అతికించడు, అంచులు రెండూ దగ్గరికి చేర్చి పెడతాడు, అంతే. అతుక్కోవడం చర్మం పని. విరిగిన ఎముకకు వేసే పిండికట్టు చేసేదీ అంతే, కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ అతుక్కోవడం ఎలా జరుగుతుందో చూస్తే ప్రశ్నలో రెండో సగం సంగతి కూడా తేలుతుంది.

రక్తం గడ్డకట్టడం, తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను తినెయ్యడం అందరూ చదువుకున్నవే. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి ఘట్టం. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు గాయంలోకి పాక్కుంటూ వచ్చి కొల్లాజెన్ అనే ప్రోటీన్ తయారుచేస్తాయి. మూడు పేటలు వేసి పేనిన తాడు లాంటిది ఈ కొల్లాజెన్. ఒక్కో పేటలో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలు. వాటిలో ప్రతి మూడోది గ్లైసీనే. అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది అదే. పేటలు మెలిపడ్డాక మధ్యలో మిగిలే ఇరుకులో ఇంకేదీ పట్టదు. ఇక మెలి విడిపోకుండా ఉండాలంటే పేటల్లోని ప్రోలీన్ అనే మరో అమైనో ఆమ్లానికి హైడ్రాక్సిల్ గుంపు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జంట) తగిలించాలి. ఆ పని చేసే ఎంజైములో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. అది ఆక్సీకరణం చెంది మొరాయించినప్పుడల్లా మళ్ళీ దారికి తెచ్చేది విటమిన్ సి. హైడ్రాక్సిల్ తగలని తాడు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పురి విడిపోతుంది. మన ఒంట్లో ఉండేదేమో 37 డిగ్రీలు!

"విటమిన్ సి లోపిస్తే స్కర్వీ" అని, అంటే చిగుళ్ళు చెడి రక్తం కారే, గాయాలు మానని జబ్బు వస్తుందని, బడిలో పిల్లలతో పట్టికలు బట్టీ పట్టిస్తారు. ఈ తాడు కథ ఒక్కసారి చెబితే ఆ పట్టికతో పనే ఉండదు.

1740లో జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో బయల్దేరిన బ్రిటిష్ నౌకల్లో స్కర్వీ వందల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ప్రయాణ వృత్తాంతంలో ఒక ముసలి సైనికుడి ప్రస్తావన ఉంది. 1690లో ఐర్లండ్‌లో జరిగిన బోయిన్ యుద్ధంలో తగిలి, ఎప్పుడో మానిపోయిన అతని గాయాలు ఓడ మీద మళ్ళీ విచ్చుకున్నాయి. ఎన్నడో అతుక్కున్న ఎముక కూడా ఊడిపోయింది. యాభై ఏళ్ళ నాటి గాయం! మచ్చలోని పాత కొల్లాజెన్‌ను శరీరం తీసేస్తూ కొత్తది వేస్తూనే ఉంటుంది. కొత్త తాడు పేనడం ఆగి, పాతది తీసెయ్యడం మాత్రం సాగితే జరిగేది ఇదే.

1939లో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్ విటమిన్ సి లేని తిండి తింటూ తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. మూడు నెలలకు వీపు మీద పెట్టిన కోత మామూలుగానే మానింది. ఆరు నెలలకు పెట్టిన కోత పైపైన మూసుకుందే గానీ లోపల మానలేదు. పది రోజులు విటమిన్ సి ఎక్కించాక చూస్తే చక్కగా మానుతోంది.

చాలా జంతువులు విటమిన్ సి సొంతంగా తయారుచేసుకుంటాయి. మనలో ఆ జన్యువు చెడిపోయింది. మాన్పుకునే శక్తి మనదే, సరుకు మాత్రం బయటినుంచి రావాలి.

సరుకున్నా ఒక్కోసారి చాలదు. షుగర్ ముదిరిన మనిషికి పాదాల్లో నరాలు మొద్దుబారి పుండు పడ్డ సంగతే తెలియదు, రక్తమూ సరిగా అందదు. చిన్న గాయాలు ఏం రాసినా, ఏమీ రాయకపోయినా మానతాయి గనుక ఆ పేరు రాసినదానికి పోతుంది. ఆ నమ్మకంతోనే ఇలాంటి పుండును కూడా వారాల తరబడి ఇంట్లోనే ఉంచుకుంటారు. చివరికి కాలు తీసెయ్యాల్సి వస్తుంది. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

టెటనస్ సంగతి మరీ దారుణం. మేకు గుచ్చుకున్న చోట చర్మం శుభ్రంగా మానిపోయాక కూడా జబ్బు బయటపడవచ్చు. ప్రాణం తీయడానికి టెటనస్ క్రిమి వదిలే విషం ఎంత తక్కువ చాలంటే, అంత కొంచెం మోతాదు రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పడానికి సరిపోదు. అందుకే టెటనస్ వచ్చి బతికి బయటపడ్డవాళ్ళకు కూడా టీకా వేస్తారు.