అండం ఇంకా రాలేదు

కలయిక జరిగిన రాత్రే గర్భం వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. తెల్లారేసరికి పట్టుకునే టెన్షన్ అక్కడిదే. నిజానికి చాలాసార్లు అప్పటికి అండం విడుదలే కాదు. గర్భం రాకుండా కలయిక తర్వాత వేసుకునే ఎమర్జెన్సీ మాత్రకు అవకాశం ఇచ్చేది ఇదే.

వీర్యకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల దాకా బతకగలవు. అండం ఆయుష్షు మాత్రం 12 నుంచి 24 గంటలే. అందుకే నెలలో గర్భం వచ్చే అవకాశం ఉన్నవి సుమారు 6 రోజులు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు. మరి వాటిని కేలండర్ చూసి చెప్పలేమా? కష్టం. అండం వచ్చాక నెలసరికి పట్టే దాదాపు రెండు వారాల లెక్క పెద్దగా మారదు కానీ, అండం రావడానికి పట్టే కాలం నెలనెలకూ మారుతుంది. 'సేఫ్ పీరియడ్'ని నమ్ముకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కడుక్కుంటే పోతుందనుకోవడం ఇంకా అమాయకం. వీర్యకణాలు నిమిషాల్లోనే లోపలికి చేరిపోతాయి.

ఎమర్జెన్సీ మాత్ర పనిచేసేది వీర్యకణాలు అండం కోసం ఎదురుచూసే ఆ కాలంలోనే. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఉప్పెనలా పొంగితే, దాదాపు ఒకటిన్నర రోజులో అండం బయటికొస్తుంది. ఈ మాత్రలో ఉండే 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఆ ఉప్పెనను ఆపుతుంది, లేదా వాయిదా వేస్తుంది. ఈలోగా వీర్యకణాలు చచ్చిపోతాయి. ఉప్పెన మొదలయ్యాక వేసుకుంటే మాత్రం ఆ మాత్ర వల్ల పెద్దగా ఫలితం ఉండదు. 72 గంటల గడువుంది కదా అని మూడో రోజు దాకా ఆగకూడదనేది అందుకే. యులిప్రిస్టల్ అనే మరో మాత్ర ఉప్పెన మొదలైనా, అది పతాక స్థాయికి చేరేలోపు పనిచేయగలదు. దానికి గడువు 120 గంటలు. వీటన్నిటికంటే నమ్మకమైనది 5 రోజుల్లోపు గర్భాశయంలో వేయించుకునే కాపర్ టీ. 99 శాతానికి పైగా గర్భం రాకుండా ఆపుతుంది. ఎందుకో గానీ దాని ఊసెత్తేవాళ్లే తక్కువ.

ఎమర్జెన్సీ మాత్ర అబార్షన్ మాత్ర కాదు. లెవోనార్జెస్ట్రెల్ అప్పటికే వచ్చిన గర్భాన్ని పోగొట్టలేదు. తర్వాత పిల్లలు పుట్టరన్న భయమూ ఉత్తదే. అయితే టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటి మందులు వాడేవాళ్లలో ఈ మాత్ర బలం తగ్గుతుంది, కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి.

చాలామందికి తట్టని చిక్కు ఇంకొకటుంది. మాత్ర అండాన్ని వాయిదా వేసిందంటే, అది ఇంకా రావాల్సే ఉందన్నమాట. 'మాత్ర వేసుకున్నాం కదా' అని అదే నెలలో మళ్లీ రక్షణ లేకుండా కలిస్తే, వాయిదా పడ్డ ఆ అండమే ఎదురుకావచ్చు. కండోమ్ వాడాల్సింది అప్పుడే.

ఇక టెస్ట్ సంగతి. మర్నాడే చేసి నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవడంలో అర్థం లేదు. టెస్ట్ పట్టుకునే హెచ్‌సీజీ హార్మోన్, పిండం గర్భాశయానికి అతుక్కున్నాకే రక్తంలోకి, మూత్రంలోకి వస్తుంది. మాత్ర తర్వాత నెలసరి కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగడం మామూలే. రావాల్సిన తేదీకి వారం దాటినా నెలసరి రాకపోతే, లేదా కలయిక జరిగి 3 వారాలు నిండాక, టెస్ట్ చేసుకుంటే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు.