హంద్రీ నత్త లోపల

కర్నూలులో హంద్రీ తుంగభద్రలో కలిసే చోటికి కాస్త ఎగువన, గుర్రపుడెక్క వేళ్లను పట్టుకున్న నత్తలను అయిదింటిని తెచ్చాను. ఒక్కోదాన్ని ఒక్కో గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి వేసి, ఎండ పడే కిటికీలో పెట్టాను. రెండు గంటలకు ఒక గ్లాసులో సన్నని నలకలు కదలసాగాయి. భూతద్దంలో చూస్తే ప్రతి నలకకూ తోక ఉంది, అది కొరడాలా కొట్టుకుంటోంది.

గొర్రెల కాపరులు జలగ అనే కాలేయపు పురుగు ఉంది కదా, ఈ నలకలు ఆ జాతి పురుగు పిల్లలే. పశువుల పేడతో గుడ్లు నీటిలో పడతాయి. వాటి నుంచి వచ్చిన పురుగు పిల్ల, నత్త ఒంట్లో దూరి, లోపలే ఒకటి వందలవుతుంది. పురుగు పట్టిన నత్త చాలాసార్లు గుడ్లు పెట్టడమే మానేస్తుంది. తిన్నదానిలో చాలా భాగం పురుగుకే పోతుంది.

ఊరి మురుగు ఈ పురుగుకు బాగా కలిసివస్తుంది. మురుగులోని నత్రజని, భాస్వరంతో పాచి పెరుగుతుంది, పాచి తిని నత్తలు పెరుగుతాయి. 2007లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో, ఎరువు కలిపిన నీటితొట్లలో నత్తల సంఖ్య పెరగడమే కాదు, పురుగు పట్టిన ఒక్కో నత్త వదిలే పురుగు పిల్లలూ ఎక్కువయ్యాయి.

ఫ్యాక్టరీల మురికి సంగతి వేరు. నత్తను వదిలిన పిల్ల ఇక ఏమీ తినదు, ఒంట్లో దాచుకున్న శక్తితో ఒకటి రెండు రోజులు ఈదుతుంది. జింకు, కాడ్మియం వంటి లోహాలు ఆ కాస్త ఆయుష్షునూ తగ్గిస్తాయి. పురుగు చస్తే మంచిదే కదా అని మురిసిపోవడానికి లేదు. నత్తల చుట్టాలైన ఆల్చిప్పల రక్తంలో, ఒంట్లో చొరబడిన సూక్ష్మజీవులను మింగే కణాలు ఉంటాయి, విషాలు వాటినీ దెబ్బతీస్తాయి.

మెక్సికో సింధుశాఖలో 1940లలో ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చిపోతే అందరూ చమురు బావులను అనుమానించారు. వెతకగా వెతకగా 1950లో ఒక పరాన్నజీవి దొరికింది, ఇప్పుడు దాని పేరు పెర్కిన్సస్ మెరైనస్. అంతటితో మురికి నిర్దోషి అని తేలిపోలేదు. నది అడుగున పేరుకున్న విషపు బురద సారంలో ఉంచిన ఆల్చిప్పలకు అదే జబ్బు మరింత ముదిరిందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. నీటిని పరీక్షించేటప్పుడు అందులో బతికే నత్తనూ చూడాలని నేను గట్టిగా అనేది అందుకే.

మిగతా నాలుగు గ్లాసుల్లో ఏమీ కదలలేదు. పురుగు లోపల చేరిన కొన్ని వారాల దాకా పిల్లలు బయటికి రావు. అందుకే ఆ నాలుగింటినీ అట్టేపెట్టాను, వచ్చే నెల మళ్లీ ఎండలో పెడతాను.